కంటికి తెలియని ఎరుపు

జూన్ 2, 1986

ఈ డైరీ మా ఆయనది. కొత్త సంవత్సరానికి కంపెనీలో ఇచ్చారు. నాలుగు పేజీలు రాసి వదిలేశారు. నాలుగింట్లోనూ ఒకటే సంగతి: గూడ్సు రేక్ నిండింది, శాంపిల్ తీశాను, వాన లేదు. ఇంట్లో గంగారత్నం అనే పెళ్లాం ఉన్నట్టు గానీ, వరాలు అనే కూతురు ఉన్నట్టు గానీ ఎక్కడా లేదు మహానుభావుడికి. ఫిబ్రవరిలో ఆయన పోయారు. మిగిలిన తెల్లకాగితాలు పారేయడానికి మనసు రాక నేను మొదలుపెడుతున్నాను.

ఇవాళ డ్యూటీలో చేరాను. ఆయన పోయారు కనక ఆయన చేసిన ల్యాబులోనే నాకు పని ఇచ్చారు. చీర మీద ఆయన ఖాకీ చొక్కా తొడుక్కుని, చేతులు రెండు మడతలు పెట్టుకుని, బచేలి టౌన్‌షిప్పు ఆడవాళ్లందరూ చూస్తుండగా కంపెనీ బస్సు ఎక్కాను. చూస్తే చూశారు.

ల్యాబంటే గాజుసీసాలు ఉంటాయనుకున్నాను. రేకుల షెడ్డు, నాలుగు బల్లలు, జల్లెడలు, గోనెసంచులు, అంతే. కొండ మీంచి దిగిన ఇనుపరాయి జపాన్‌కి పంపడానికి విశాఖపట్నం వెళ్లే బోగీల్లో పడేముందు కొంచెం తీసి, అందులో ఏ రకం ఉందో చూసి రిజిస్టర్లో రాయాలి. అక్కడ పెద్ద కూర్మారావు అన్నయ్య. విజయనగరం వైపు మనిషి, మా ఆయనతో పద్నాలుగేళ్లు కలిసి చేశాడు. నా ముందు ఏడు డబ్బాలు పెట్టాడు.

"సూడు సెల్లెమ్మా, ఇవి ఏడు రకాలు. నవంబర్లో ఆఫీసరు సాయెబు కూకోబెట్టి అడుగుతాడు. ఏ రాయి ఏటో సెప్పాల. సెప్పలేకపోతే ఉజ్జోగం ఉండదు, క్వార్టరూ ఉండదు. ఒక్కపాలే అడుగుతారు మరి."

డబ్బాల్లోకి చూశాను. ఏడింటి మీదా ఎర్రదుమ్మే. పదహారేళ్లుగా ఈ ఎర్రదుమ్ము తుడుస్తూ బతికాను, దీంట్లో రకాలున్నాయని ఇవాళే తెలిసింది.

వరాలు పదో తరగతి. మార్చిలో పరీక్షలు. మధ్యలో క్వార్టరు ఖాళీ చేసి శృంగవరపుకోటలో మా తమ్ముడి పంచన చేరితే పిల్ల చదువు అంతటితో సరి. కాబట్టి రాళ్లు నేర్చుకోవాలి.

జూన్ 3

ఆయన ట్రంకు పెట్టె సర్దలేదు. ఆదివారం సర్దుతాను.

జూన్ 9

పాత రిజిస్టరు తిరగేస్తుంటే మా ఆయన చేతిరాత కనబడింది. రకం పేరు రాయాల్సిన గడిలో అక్కడక్కడ ఒక పొడుగాటి ఇంగ్లీషు మాట ఉంది. అక్షరం అక్షరం కాగితం మీదికి దింపుకొచ్చి వరాలుకి చూపించాను.

"నాట్ డిస్టింగ్విషబుల్ బై ఐ" అని గడగడా చదివింది. "డిస్టింగ్విషబుల్ అంటే, పక్కపక్కన పెడితే ఇది వేరు, అది వేరు అని పోల్చుకోగలిగేది అమ్మా. ముందు నాట్ ఉంది కదా, అంటే కంటితో చూసి తేడా చెప్పలేం అని."

"మీ నాన్న ఇంత ఇంగ్లీషు రాశాడా?"

"రాశారుగా. కొత్త మాట వస్తే మా టీచరు ఐదు వాక్యాలు రాయమంటుంది. నువ్వూ రాయి, గుర్తుంటుంది."

సరే, రాస్తున్నాను.

స్కూలు బస్సూ, కొండ మీది ఆకాశ్‌నగర్ వెళ్లే బస్సూ ఎంత దూరం నుంచైనా డిస్టింగ్విషబుల్. స్కూలు బస్సుకి ఒకటే దీపం.

వరాలు చెప్పే నిజమూ అబద్ధమూ డిస్టింగ్విషబుల్. అబద్ధానికి చెవి గోక్కుంటుంది.

పక్క క్వార్టరు వాళ్ల సైకిల్ గంటా, మా ఆయన సైకిల్ గంటా డిస్టింగ్విషబుల్. అయినా ఇవాళ సాయంత్రం తలుపు దాకా వెళ్లాను.

సోమవారమూ మంగళవారమూ నాట్ డిస్టింగ్విషబుల్.

ఐదోది తట్టడం లేదు.

జూన్ 10

కూర్మారావు అన్నయ్యని అడిగాను, తెలీదు అని రిజిస్టర్లోకి ఎక్కించడం సిగ్గు కాదా అని.

"సిగ్గేటి? కంటికి తెలీకపోతే తెలీదనే రాయాల. రాసేసి ఊరుకోకూడదు. గీసి సూడాల, తడిపి సూడాల. సూడకుండా ఊహించి రాసీసినోడే తప్పు సేసినట్టు." అని దగ్గాడు. వానలు పడ్డాయి కదా, ఊరంతా దగ్గే.

జూన్ 24

ల్యాబులో నాకు తోడు దేవే అనే ఆవిడ. కొంటా వైపు దోర్ల తెగ మనిషి. చిన్నప్పుడు కొండ మీద చేత్తో రాయి ఏరిన చేతులు ఆమెవి. నేను రాయిని కళ్లజోడు దగ్గర పెట్టుకుని చూస్తుంటే పడీ పడీ నవ్వింది.

"ఏందక్కా, పెండ్లిపిల్లను చూసినట్టు గట్ల చూస్తవ్? రాయి మొగం చూస్తే ఏం తెలుస్తది? అన్నీ ఎర్రదుమ్ము పూసుకునే వస్తయి. చేతిల పట్టు. నాలుకకు తాకియ్యి."

"రాయిని నాకమంటావా?"

"నాకు."

నాకాను. మొదటిది చప్పగా జారిపోయింది. రెండోది నాలుకకి అతుక్కుంది. అతుక్కుంటే మట్టిరాయి, షేల్ అంటారు, అది పనికిరాదు. ఇనుము ఎక్కువున్న ఉక్కురంగు రాయి చూపుకి చిన్నదే, అరచేతిలో పెడితే చెయ్యి కిందికి దిగుతుంది. పొరల రాయిని వేలితో తడితే పెంకులా చప్పుడవుతుంది. చారల రాయి దుమ్ము తుడిస్తే ఎర్రా తెల్లా చారలతో తనే బయటపడుతుంది. బ్లూ డస్ట్ అసలు రాయే కాదు, నీలం రంగు పొడి, వేళ్ల మధ్య ముఖానికి రాసుకునే పౌడరంత నున్నగా జారుతుంది.

ఒక్క పూటలో ఐదు వచ్చాయి నాకు. ఇంటికొచ్చి వరాలుకి చెబితే ముందు నోరు కడుక్కోమంది.

జులై 6, ఆదివారం

మిగిలినవి రెండు. గట్టి ఇనుపరాయి, అంతగా పనికిరాని లేటరైట్ రాయి. రెండూ ఒకే బరువు, ఒకే గోధుమరంగు, నాలుకకి అతుక్కోవు. పింగాణీ మీద నునుపు లేనిచోట గీయమన్నాడు అన్నయ్య. ఆవకాయ జాడీ బోర్లించి అడుగున గీశాను. ఇనుపరాయికి ఎర్ర గీత, లేటరైట్‌కి పసుపు గీత. పైకి ఒకటే, గీస్తే వేరు. భలే సంతోషం వేసింది. చాలా రోజులైంది ఇలా సంతోషపడి.

"జాడీకి బొట్టు పెడుతున్నావా అమ్మా?" అంది వరాలు.

ట్రంకు పెట్టె సర్దడానికి టైము లేదు.

జులై 15

ఘనకార్యం చేశాను. డబ్బాలన్నీ దుమ్ముకొట్టుకుని ఉన్నాయని పొద్దున్నే వెళ్లి ఏడు రకాలూ కుళాయి కింద పెట్టి కడిగాను. ఈ ఊళ్లో పదహారేళ్లు కాపరం చేసిన ఆడది ఎర్రగా ఏది కనబడినా కడుగుతుంది, అది నా తప్పు కాదు. బ్లూ డస్ట్ మొత్తం కాలవలోకి పోయింది. పరీక్షలకి దాచిన నమూనా అది.

కూర్మారావు అన్నయ్య ఖాళీ డబ్బాలోకి చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ డబ్బాలోకి చూశాడు. "జపానోడికి పంపే సరుకు కాలవకి పంపీసినావా తల్లీ!" అని నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. బల్ల పట్టుకుని చాలాసేపు దగ్గి, రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. వానాకాలం దగ్గు ఇంకా వదల్లేదు ఆయన్ని.

ఆగస్టు 4

ల్యాబులో బల్లలు తుడిచే గుడ్డలు ఇంటికి తెచ్చి ఉతికాను. ఎంత సబ్బు పెట్టినా, ఎంత బాదినా ఎరుపు పోదు. ఈ దుమ్ము మరక అంతే. చల్లనీళ్లకి అసలు లొంగదు. నీళ్లు ఎర్రబడతాయి, కాసేపటికి దుమ్ము అడుక్కి దిగి పైన తేటపడతాయి, గుడ్డ మీద మాత్రం మరక మరకలాగే ఉంటుంది.

మా ఆయన రుమాళ్లు అలా

ఆగస్టు 5

వాన.

ఆగస్టు 9

దగ్గులో రక్తం పడేదా అని ఫిబ్రవరిలో డాక్టరుగారు అడిగారు. లేదని చెప్పాను. లేదు.

ఆగస్టు 10

లేదు. ఈ ఊళ్లో ఎవరు ఉమ్మినా ఎర్రగానే ఉంటుంది.

ఆగస్టు 28

పద్దెనిమిది రోజులు ఈ పుస్తకం ముట్టుకోలేదు. ఇవాళ రాసేస్తాను. నేను తప్ప చదివేవాళ్లు ఎవరూ లేరు.

కిందటి దీపావళి నుంచి మా ఆయన దగ్గేవారు. రుమాలు మీద ఎర్రమరక. దుమ్ము అనేవారు, నేనూ దుమ్మే అనుకున్నాను. షిఫ్టు దిగిన ప్రతివాడి రుమాలూ అలాగే ఉంటుంది, ఇందులో అనుమానం ఏముంది? రోజూ సాయంత్రం బక్కెట్లో వేసి చల్లనీళ్లలో జాడించేదాన్ని. మొదట్లో మరక పోయేది కాదు. సంక్రాంతి దాటాక చాలామటుకు ఇట్టే వదిలేది. సబ్బు కూడా అక్కర్లేకపోయేది. బక్కెట్లో నీళ్లు తేటపడేవి కావు. చూశాను. నా చేతులతో నేను చూశాను. సబ్బు మార్చాను కదా, కొత్త సబ్బు మంచిది అనుకున్నాను. పక్కింటామెకి కూడా అదే కొనుక్కోమని చెప్పాను.

టీబీ అన్నారు డాక్టరుగారు. రెండు నెలల ముందు తెచ్చి ఉంటే మందులకి తగ్గేదన్నారు. నాకూ వరాలుకీ ఎక్స్‌రే తీసి ఏమీ లేదన్నారు. అప్పుడు కూడా నేను రుమాళ్ల సంగతి చెప్పలేదు.

కంటికి తేడా లేదు, నిజమే. దుమ్మూ ఎరుపే, నెత్తురూ ఎరుపే. కానీ చేతికి తేడా తెలిసింది. తెలిసినా ఊహించి రాసుకున్నాను.

చివరి రోజు ఆయన జేబులో ఉన్న రుమాలు ట్రంకు పెట్టెలో ఉంది. ఉతకలేదు. అందుకే పెట్టె సర్దడం లేదు, టైము లేక కాదు.

ఏడ్చాను. వరాలు వచ్చి పక్కన కూర్చుంది.

సెప్టెంబరు 19

కళ్లు మూసుకుని నాలుగు రకాలు చెప్పాను. దేవే ఒక రాయి రెండుసార్లు చేతిలో పెట్టి మోసం చేయబోయింది, పట్టేశాను. "నువ్వు పాసయితవక్కా. నాకంటే తొందరగ నేర్సినవ్" అంది. అన్నయ్య కూడా మెచ్చుకున్నాడు. పరీక్ష రోజు సాయెబు పక్కనే నిలబడి నా గురించి రెండు మంచి మాటలు చెబుతానన్నాడు. ఆ ధైర్యం చాలు నాకు.

అన్నయ్య బెల్టుకి కొత్తగా ఇంకో కన్నం పొడుచుకున్నాడు. ఆస్పత్రికి వెళ్లమన్నాను. "దుమ్ము సెల్లెమ్మా. పద్నాలుగేళ్ల దుమ్ము" అన్నాడు.

దుమ్ము.

అక్టోబరు 14

ఇవాళ అన్నయ్యతో తగువు పడ్డాను.

పొద్దున దగ్గి రుమాలు జేబులో పెట్టుకోబోతుంటే చెయ్యి చాపాను. "అదిలా ఇవ్వు అన్నయ్యా."

"నా రుమాలు నీకేల?"

"ఉతికి ఇస్తాను."

"మతి పోనాదేటి నీకు? నలుగురూ ఏటనుకుంటారు? నా ఇంటిది పర్వతమ్మ లేదా నా రుమాళ్లు ఉతకడానికి?"

నిజమే. మొగుడు పోయిన ఆడది పరాయి మగవాడి రుమాలు అడగడం ఏమిటి? చెవులు మండిపోయాయి నాకు. అయినా చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నా తప్పు సంగతి ఎవరితోనూ అనలేదు ఇంతవరకు, వరాలుతో కూడా అనలేదు. అన్నయ్యతో అన్నాను, దేవే వింటుండగా. మా ఆయన రుమాళ్లు, బక్కెట్లో నీళ్లు, కొత్త సబ్బు, అంతా.

అన్నయ్య రుమాలు బల్ల మీద పడేశాడు.

రెండు గాజుగ్లాసుల్లో చల్లనీళ్లు పోశాను. ఒకదాంట్లో బల్ల తుడిచిన గుడ్డ, ఒకదాంట్లో రుమాలు వేసి కదిపాను. రెండింట్లో నీళ్లూ ఎర్రబడ్డాయి. దేవే టీ తెచ్చింది. టీ తాగేదాకా ముగ్గురం ఆ గ్లాసుల ముందు కూర్చున్నాం. గుడ్డ వేసిన గ్లాసులో ఎరుపు మెల్లగా అడుక్కి దిగింది. పైన తేటనీళ్లు నిలిచాయి.

రుమాలు వేసిన గ్లాసు తేటపడలేదు.

అన్నయ్యకి ఎవరూ చెప్పక్కర్లేదు. పద్నాలుగేళ్లుగా అదే పని ఆయనది. లేచి బయటికి వెళ్లాడు. తిరిగొచ్చి నా మొహం చూడకుండా, "బస్సెప్పుడుందే దేవే, ఆస్పత్రి కాడికి?" అన్నాడు.

అక్టోబరు 17

టీబీయే. వార్డులో పెట్టారు. వేళకి వచ్చాడు, మందులకి తగ్గుతుంది అన్నారట డాక్టరుగారు. దేవే పరిగెత్తుకొచ్చి చెప్పింది.

వార్డులో పడేయించానని అన్నయ్య నా మీద కోపంగా ఉన్నాడట. పర్వతమ్మ వదిన బస్టాపులో కనబడి మొహం తిప్పుకుంది.

అక్టోబరు 30

ల్యాబులో పెద్దవాళ్లెవరూ లేరు. పరీక్ష రోజు పక్కన నిలబడి మాట సాయం చేసే మనిషిని నేనే పంపేశాను. పంపినందుకు విచారం లేదు. భయం మాత్రం ఉంది, బోలెడంత ఉంది.

నవంబరు 10

పరీక్ష అయింది. వరసగా రాస్తాను, లేకపోతే నేనే నమ్మను.

సాయెబు హిందీ మనిషి. బల్ల మీద ఏడు రకాలు పెట్టించాడు. మీద దుమ్ము చల్లి మరీ పెట్టించాడు దుర్మార్గుడు. బయట వరండాలో దేవే. మొదటిది తీసి నాలుకకి తాకించాను. ఆయన కుర్చీలో వెనక్కి జరిగాడు. "షేల్ హై సాబ్" అన్నాను. ఐదు చెప్పేశాను, ఒక్కటి కూడా తప్పలేదు.

మిగిలినవి ఆ రెండే. ఎడమచేతిలో ఒకటి, కుడిచేతిలో ఒకటి. ఒకే బరువు, ఒకే రంగు. బల్ల మీద గీసి చూసే పింగాణీ పలక లేదు.

"జల్దీ బోలియే" అని తొందరపెట్టాడు.

ఏదో ఒకటి చెప్పేయొచ్చు. సగం అవకాశం ఉంది. క్వార్టరు, వరాలు పుస్తకాల బల్ల, శృంగవరపుకోట రైలు, అన్నీ కళ్లముందు తిరిగాయి. కొత్త సబ్బు కూడా గుర్తొచ్చింది. రెండు రాళ్లూ బల్ల మీద పెట్టేసి, ఐదు నెలలుగా నోట్లో నానుతున్న మాట అన్నాను.

"నాట్ డిస్టింగ్విషబుల్ బై ఐ, సాబ్."

ఆయన కలం ఆపాడు. "తో?" అన్నాడు, అయితే ఏం చేస్తావని.

తో ఏమిటి నా మొహం! ఆయన టీ తాగి పెట్టిన కప్పు కనబడింది. "ఒక్క నిమిషం సాబ్" అని తెలుగులోనే చెప్పి, కప్పు తీసుకుని, మిగిలిన చుక్క కిటికీలోంచి పారబోసి, బోర్లించాను. కప్పు అడుగున అంచుకి నునుపు ఉండదు. ఒక రాయి గీశాను, ఎర్ర గీత. రెండో రాయి గీశాను, పసుపు గీత.

"యే లోహా హై. యే లేటరైట్ హై."

సాయెబు కప్పు తన చేతిలోకి తీసుకుని రెండు గీతలూ చూశాడు. అప్పుడు నవ్వాడు. ఆ మాట ఎవరు నేర్పారని అడిగాడు. మా ఆయన అని చెప్పాను. చెప్పాక చూస్తే అది నిజం.

నవంబరు 12

పాస్. కాగితం చేతికి వచ్చింది. క్వార్టరు ఉంటుంది. వరాలు నన్ను ఎత్తి గిరగిరా తిప్పబోయి ఇద్దరం కిందపడ్డాం.

సాయంత్రం ఆస్పత్రికి వెళ్లాను. కిటికీ పక్కన మంచం. అన్నయ్య మొహానికి కాస్త కళ వచ్చింది. పర్వతమ్మ వదిన స్టూలు నా వైపు జరిపి, "కూకో" అంది. అంతే చాలు.

"సాయెబు కప్పు పాడుసేసినావంట గదా" అన్నాడు అన్నయ్య.

"కడిగి ఇచ్చాను."

"నువ్వు కడక్కుండా ఉంటావా!" అని నవ్వాడు. దగ్గు వచ్చింది, చిన్నదే. తగ్గాక కిటికీ వైపు తిరిగాడు. "నాకూ తెలీలేదు సెల్లెమ్మా. పక్కనే కూకుని పద్నాలుగేళ్లు పన్జేసినాను. ఆడు దగ్గుతుంటే దుమ్మే అనుకున్నాను. తప్పు నీ ఒక్కదానిదే కాదు."

ఆ మాట కోసం నేను తొమ్మిది నెలలుగా ఎదురుచూస్తున్నానని అది విన్నాక తెలిసింది. వార్డులో అందరి ముందూ ఏడ్చేశాను. వదిన నా వీపు మీద చెయ్యి వేసింది.

నవంబరు 16, ఆదివారం

ట్రంకు పెట్టె తెరిచాను.

చొక్కాలు నాలుగు. రెండు నాకు డ్యూటీకి పనికొస్తాయి. రెండు దేవే వాళ్లాయనకి. కళ్లజోడు వరాలు దాచుకుంటానంది. అడుగున రుమాలు. మడత మీద మడత, గట్టిపడిపోయింది. ఎర్రమరక.

గ్లాసులో చల్లనీళ్లు పోసి అందులో వేశాను. నాని మెత్తబడేదాకా ఆగి కదిపి, ఎదురుగా కూర్చున్నాను. అన్నం పొంగు వచ్చింది, వరాలుని దించమన్నాను. కొంత ఎరుపు అడుక్కి దిగింది. మిగతాది నీళ్లలోనే ఉండిపోయింది, తేటపడలేదు. రెండూ ఉన్నాయి. ఆయన అబద్ధం చెప్పలేదు. దుమ్మూ నిజమే.

నాకు తెలియలేదండీ. తెలుసుకోవాల్సింది. ఇప్పుడు తెలుసు.

డాక్టరుగారు చెప్పినట్టు రుమాలు మరగబెట్టి, సబ్బు పెట్టి ఉతికి తీగ మీద ఆరేశాను. దుమ్ము మరక మాత్రం పోలేదు, లేత ఎరుపులో అరచేయంత మిగిలింది. అది పోదని నాకు తెలుసు.

"ఎవరిదమ్మా?" అంది వరాలు.

"మీ నాన్నది."

ఐదో వాక్యం ఇవాళ రాస్తున్నాను. ఉతికిన రుమాలు మీద మిగిలిన మా ఆయన పనీ, నీళ్లలో పోయిన మా ఆయన జబ్బూ డిస్టింగ్విషబుల్.

రుమాలు ఆరింది. రేపు పొద్దుటి షిఫ్టు. కొత్త రేక్ నింపుతారట, దుమ్ము బాగా లేస్తుంది. అదే ముక్కుకి కట్టుకుని వెళ్తాను.